గాజు గదిలో కుంపటి

ఊటీ
12 నవంబరు 1936

అక్కయ్య సువార్తమ్మకు తమ్ముడు తోమా నమస్కరించి రాస్తున్నది.

క్షేమమని రాద్దామంటే వేళ్ళు కలాన్ని సరిగా పట్టుకోవటం లేదు. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టకు, చలిని తిట్టు.

దొరగారూ దొరసానిగారూ పోయిన వారం మద్రాసు దిగిపోయారు. వంటవాణ్ణీ బంట్రోతునీ కూడా తీసుకెళ్ళారు. మళ్ళీ మార్చి ఆఖరుకి గాని రారు. ఇంత బంగళాకీ నేనూ, గేటు దగ్గర కాపలా ముసలాయనా మిగిలాం. ఆయన తమిళం నాకు రాదు, నా తెలుగు ఆయనకి రాదు. పొద్దున్నే ఒకరినొకరు చూసుకుని, ఇద్దరం బతికే ఉన్నామని తల ఊపుకుంటాం.

నా భయమంతా ఆరు చెట్ల గురించి. పెద్ద పెద్ద కుండీల్లో ఉన్నాయి. చూడటానికి మన తాటిచెట్టుకి చెల్లెళ్ళలా ఉంటాయి. ఆకు విసనకర్రంత, మాను నిండా గోనెపీచు లాంటి జుట్టు. హిమాలయాల వైపు నుంచి ఎవరో పంపిన గింజలు నాటి, దొరగారు పదిహేనేళ్ళు పెంచారట. నేలలో ఉంటే మంచు పడ్డా తట్టుకునే జాతే. కుండీలో ఉంటే మాత్రం చలి అన్ని పక్కల నుంచీ మట్టిని పట్టుకుని, వేరు గడ్డకట్టి చచ్చిపోతుందట. ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి తీసుకెళ్ళాలని ఆయన నేలలో పాతనివ్వరు.

కిందటేడు తోటమాలి రెండు చెట్లు పోగొట్టాడు. దొరగారు వచ్చిన రోజే అతను పక్క చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఖాళీ కుండీలు రెండూ ఇంకా గోడ పక్కనే ఉన్నాయి. రోజూ వాటి ముందు నుంచే నీళ్ళు మోసుకెళ్తాను. "ఒక్కటి పోయినా నీ మొహం నాకు చూపించకు" అన్నారు దొరగారు. ఏలూరు మిషను తోటలో పని పోయాక రెండేళ్ళు మీ ఇంట్లో కూర్చుని తిన్నాను. మళ్ళీ ఆ అరుగు మీదికి రావటం నాకు ఇష్టం లేదక్కా.

చెట్లని బంగళా పక్కనున్న చిన్న గాజు గదిలోకి చేర్చాను. కుండీల కింద చెక్కలు వేశాను, చుట్టూ గడ్డీ గోనెలూ చుట్టాను. అయినా తెల్లవారేసరికి గాజుకి లోపలే తెల్లగా మంచు పేరుతోంది. ఇంకా డిసెంబరు రానేలేదు. బావగారికి తాటాకు పని తెలుసు, నీకు తెలియని సంగతి లేదు. ఏం చెయ్యమంటారో వెంటనే రాయండి.

తోమా

*

గుండుగొలను
20 నవంబరు 1936

ప్రభువు కాపుదలలో ఉన్న తమ్ముడు తోమాకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. చెట్లకి చలి వేస్తుందంటే మొదట నవ్వారు. తరవాత లేచి వెళ్ళి తాటాకు నానబెట్టారు. ఊడ్పుల్లో వాన తడవకుండా నెత్తిన పెట్టుకునే గిడుగు ఉంటుందే, అదే కాస్త పెద్దది నీకోసం కుడుతున్నారు. చెట్టు నెత్తిన బోర్లించుకో. నాలుగు తుంగచాపలు కూడా కట్టి పంపుతాం.

ఇక నేను చెప్పేది విను. ఇరవై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను. చలినుంచి కాపాడటమంటే నాకు ఒకటే తెలుసు. నీ చెట్లు ఇప్పుడు బాలింతలు అనుకో. బాలింతకి ఏం చేస్తాం? గాలి చొరకుండా తలుపులు మూస్తాం, మంచం కింద కుంపటి పెడతాం. నువ్వూ అదే చెయ్యి. బొగ్గులు బయట బాగా రాజేసి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడాక లోపల పెట్టు. పొగ తగిలితే ఆకు పాడవుతుంది, పొగ లేని నిప్పుకి భయం లేదు. సందులన్నీ కాగితం అంటించి మూసెయ్యి. ఇంకొక మాట. బాలింతని ఒంటరిగా వదలకూడదు, కాళ్ళ దగ్గర ఎవరో ఒకరు పడుకోవాలి. నువ్వు కూడా ఆ గదిలోనే పక్క వేసుకో. నిప్పూ ఆరదు, నీకూ వెచ్చగా ఉంటుంది.

ఇక్కడ కొల్లేటి మీద పొద్దున్నే మంచు కమ్ముతోంది. దోనెలు ఎండ వచ్చాక గాని కదలటం లేదు. తాడేపల్లిగూడెం మంగాయమ్మగారు కబురు పంపారు. చిన్నమ్మాయి సత్యవేణి కడుపుతో ఉంది, పుష్యంలో పురుడట. పోయిన పుష్యంలో వాళ్ళ పెద్దమ్మాయి కనకమ్మ నా చేతుల మీదే పోయింది కదా, మళ్ళీ నన్నే పిలుస్తారనుకోలేదు. కొత్తగా కట్టించిన ఇటుకల ఇల్లు, అద్దాల కిటికీలు, కాలు పెడితే జారే గచ్చు. కాన్పు సుళువుగానే అయింది. ఏడో రోజున నిద్రలోనే ప్రాణం పోయింది. ముఖం ఎర్రగా, అప్పుడే తలంటుకుని పడుకున్నట్టుంది. పిల్లని వాళ్ళ అమ్మమ్మ వసారాలో పడుకోబెట్టుకుంది కాబట్టి తల్లికి తగిలిన చలి ఆ పసిగుడ్డుకి తగల్లేదన్నారు. వాతం కమ్మిందన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. నాలో మాత్రం ముల్లు అలాగే ఉండిపోయింది.

ఈసారి నేను ఏ లోపం రానివ్వను. నువ్వూ రానివ్వకు.

సువార్తమ్మ

*

ఊటీ
4 డిసెంబరు 1936

అక్కయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. సందులకి పాత ఇంగ్లీషు పేపర్లు అంటించి, పైన బంకమట్టి మెత్తాను. గాజు గది డబ్బాలా బిగిసింది. కుంపటి మధ్యలో, చుట్టూ కుండీలు, తలుపు దగ్గర నేను. తెల్లవారి చూస్తే బయట గడ్డి మీద నీళ్ళు గడ్డకట్టాయి, లోపల మన ఏలూరు మాఘమాసంలా ఉంది. చెట్లు ఆరూ పచ్చగా ఉన్నాయి. అన్నిటికంటే పొడుగుదానికి నీ పేరు పెట్టుకున్నాను. అందరి మీదా పెత్తనం చేస్తున్నట్టు నిలబడుతుంది.

నాకే ఒంట్లో బాగుండటం లేదు. లేవగానే తల పగిలిపోతోంది. నిన్న కడుపులో తిప్పి వాంతి అయింది. పనిలో పడి బయట తిరిగితే మధ్యాహ్నానికి తగ్గిపోతోంది. కొండగాలి పడలేదేమో. నువ్వు దగ్గర లేవు గనక అడుగుతున్నాను, దీనికేం పుచ్చుకోవాలి?

తోమా

*

గుండుగొలను
11 డిసెంబరు 1936

తమ్ముడికి,

అది చలిగాలి తలకెక్కటమే, వేరే ఏమీ కాదు. పగలు బయట తిరిగి, వేడిగదిలోకి వచ్చి, మధ్యమధ్య తలుపు తీస్తూ ఉంటావు. తియ్యకు. నీ చెవులకి దూది పెట్టుకో. శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి కషాయం కాచుకుని రెండు పూటలా తాగు. తలుపు కింద సందు ఉంటే గోనె కుక్కు. పురిటింట్లో నేను ఉన్నానంటే మంగాయమ్మగారంతటి మనిషి కూడా అడక్కుండా తలుపు తియ్యరు, నువ్వెంత?

నా పేరు చెట్టుకి పెట్టినందుకు మీ బావ తెగ నవ్వారు. అది ఎండితే మాత్రం నిన్ను ఊరుకోను.

గిడుగూ చాపలూ మొన్న భీమడోలు స్టేషనులో పార్సెలు చేశారు. తీసుకోగానే రాయి. నీ తలనొప్పి సంగతి కూడా.

సువార్తమ్మ

*

ఊటీ
17 డిసెంబరు 1936

అక్కా,

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మొన్న పొద్దున లేవబోతే కాళ్ళు నా మాట వినలేదు. తలుపు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. పాకుతూ వెళ్ళి గడియ తీసి, గడ్డి మీద బోర్లా పడ్డాను. ఎంతసేపు పడున్నానో తెలియదు. కాపలా ముసలాయన వచ్చి మొహాన నీళ్ళు కొట్టి ఏదో అరిచాడు. ఆయన అరిచిన మాటల్లో ఒక్కటీ నాకు అర్థం కాలేదు. పాత తోటమాలి గురించేమో, దయ్యం గురించేమో అనుకుని ఇంకా భయపడ్డాను.

కషాయం తాగుతున్నాను. తలుపు తియ్యటం లేదు. చెవుల్లో దూది కూడా ఉంది. అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నా రోజురోజుకీ ఎక్కువవుతోంది. నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది, అదొక్కటే సుఖం. పడుకుంటే చాలు, బావిలోకి దిగినట్టు దిగిపోతున్నాను.

నాకు భయంగా ఉందక్కా. ఇక్కడ పోతే నన్ను మోసేవాళ్ళు కూడా తెలిసినవాళ్ళు కారు. పార్సెలు వచ్చిందని స్టేషను నుంచి కాగితం వచ్చింది. ఓపిక ఉంటే రేపో ఎల్లుండో వెళ్ళి తెచ్చుకుంటాను. పొడుగు చెట్టు ఆకులు పైనున్న గాజుకి తగులుతున్నాయి. తగిలినచోట నల్లబడుతున్నాయి. దానికేం చెయ్యాలో తోచటం లేదు.

తోమా

*

ఏలూరు ఆసుపత్రి వరండా
22 డిసెంబరు 1936

ఒరే తోమా,

ఈ ఉత్తరం చేతికి అందగానే, పూర్తిగా చదవకముందే వెళ్ళి కుంపటి బయట పారెయ్యి. తలుపు తీసెయ్యి. ఆ తరవాత మిగతాది చదువు.

నీ ఉత్తరం ఇంటి దగ్గర అందుకుని చదవకుండానే జాకెట్టులో పెట్టుకుని వచ్చాను. కొల్లేటి లంక నుంచి ఒకామెని దోనె మీదా, ఆ తరవాత రైల్లోనూ ఇక్కడికి తీసుకురావలసి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మగారు ఇద్దర్నీ బతికించారు. పొద్దున ఆ పిల్ల వణుకుతుంటే నేను వార్డు కిటికీలన్నీ మూసి, వంటింట్లోంచి కుంపటి తెచ్చి మంచం కింద పెట్టాను. డాక్టరమ్మగారు వచ్చి చూసి, నేను ఎన్నడూ వినని గొంతుతో అరిచారు. కుంపటి తానే ఎత్తి వరండాలోకి విసిరారు.

"బొగ్గు నిప్పు మూసిన గదిలో గాలిని విషం చేస్తుందమ్మా. పొగ కనపడదు, వాసన రాదు. ముందు తలనొప్పి, తరవాత వాంతి, తరవాత కాళ్ళు పట్టు తప్పుతాయి, ఆ పైన నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. చచ్చాక కూడా ముఖం ఎర్రగా ఉంటుంది" అన్నారు.

"మా ఊళ్ళో అందరం పెడతామండీ, ఎవరికీ ఏమీ కాలేదండీ" అన్నాను.

"మీ ఊళ్ళో తడికల గోడలు, తాటాకు కప్పు. గాలి వద్దన్నా వస్తుంది. ఇది ఇటుకా గాజూ" అన్నారు.

అప్పుడు జాకెట్టులోంచి నీ ఉత్తరం తీసి చదివాను. తలనొప్పి, వాంతి, కాళ్ళు. నిద్ర బ్రహ్మాండంగా పడుతోందని రాశావు.

చెట్లు పోతే పోనీ. దొరగారు తరిమితే తరమనీ. మా అరుగు ఎక్కడికీ పోలేదు, వచ్చి కూర్చో, జీవితమంతా కూర్చో. ఇప్పుడే తంతి ఆఫీసుకి పరుగెత్తుతున్నాను. తంతి ఈ ఉత్తరం కంటే ముందు అందుతుంది.

మీ అక్క

*

గుండుగొలను
29 డిసెంబరు 1936

తోమా,

తంతి ఇచ్చి ఏడు రోజులైంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. తంతి గుమాస్తా విలాసం అడిగితే కంగారులో దొరగారి పేరూ బంగళా పేరూ చెప్పాను. నీ పేరు చెప్పానో లేదో ఇప్పుడు గుర్తు రావటం లేదు.

క్రిస్మసుకి గుడికి వెళ్ళాను. అందరూ పాడుతుంటే నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. తపాలా బంట్రోతు సైకిలు గంట వినపడితే లోపలికి పారిపోతున్నాను, ఆయన మా గుమ్మం దాటి వెళ్ళిపోతే ఎందుకు వెళ్ళిపోయాడని ఏడుస్తున్నాను. మీ బావ ఊటీ బయల్దేరతానంటున్నారు. ఆయన బెజవాడ దాటి ఎన్నడూ వెళ్ళలేదు.

తలుపు మూసింది నువ్వు కాదురా, నేను. ఒక్క అక్షరం రాయి. ఖాళీ కవరు మీద నీ చేత్తో విలాసం రాసి పంపినా చాలు.

అక్క

*

ఊటీ
29 డిసెంబరు 1936

అక్కయ్యకూ బావగారికీ తోమా నమస్కారాలు.

నేను బతికే ఉన్నాను. ముందు ఈ మాట రాసి తరవాత మిగతాది రాస్తున్నాను, నీ పద్ధతిలోనే.

నీ తంతి నాకు రాలేదు. చలికాలం దొరగారి పేరున వచ్చేవన్నీ తపాలా ఆఫీసువాళ్ళు మద్రాసు పంపేస్తారు, అదీ అలాగే వెళ్ళింది. "నిప్పు తీసెయ్యి, తలుపు తియ్యి" అని ఉందట. దొరగారు బంగళా అంటుకుందనుకుని పక్క బంగళా దొరగారికి ఇంకో తంతి కొట్టారు. ఇరవై నాలుగో తేదీ పొద్దున తొమ్మిదింటికి ఎనిమిది మంది బిందెలతో పరుగెత్తుకొచ్చారు. నేను ఎండలో కూర్చుని గంజి తాగుతున్నాను. వాళ్ళు నన్ను చూశారు, నేను వాళ్ళని చూశాను. ఒకాయన బిందె నా మీద పొయ్యాలా వద్దా అని కాసేపు ఆగాడు. ఆ మొదటి తంతి నీదని, నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చాక గాని నాకు తెలియలేదు. కుంపటి బయట పారేశాకే రెండో పేరా చదివాను.

అది చదివాక ఒక్కొక్క రోజూ లెక్కపెట్టుకున్నాను. ఈ పది రోజులూ నాకు తలనొప్పి లేదు. నీ కషాయం పనిచేసిందనుకున్నాను. ఇరవై ఒకటిన నీకు అలాగే ఉత్తరం రాసి, మళ్ళీ నువ్వు గర్వపడిపోతావని వేళాకోళానికి పంపకుండా దాచాను. ఆ ఒక్క ఉత్తరం వేసి ఉంటే నీకు ఇన్ని రోజుల ఏడుపు తప్పేది. క్షమించు.

జరిగింది ఇది. పద్దెనిమిదిన పార్సెలు తెచ్చుకున్నాను. పొడుగు చెట్టు ఆకు గాజుకి తగిలి నల్లబడుతోందని రాశాను కదా. బావగారి గిడుగు చూశాక ఒక ఆలోచన వచ్చింది. పైకప్పులో ఆ చెట్టుకి సరిగ్గా పైనున్న గాజు పలక ఊడదీశాను. ఆకుల కొసల్ని ఆ కంతలోంచి పైకి పోనిచ్చి, పైన గిడుగు బోర్లించి తాడుతో కట్టాను. మంచు లోపలికి పడదు, ఆకు దేనికీ తగలదు. గిడుగు కింద చుట్టూ నాలుగు వేళ్ళ సందు ఉండిపోయింది. ఎంత మూద్దామన్నా గిడుగు వంపు తిరిగి ఉంటుంది, గాజుకి అతుక్కోలేదు. సందు మిగిలిపోయిందని నీకు తెలిస్తే తిడతావని బాధపడ్డాను కూడా.

ఆ సందులోంచే పోయిందక్కా, ఆ విషం. ఇప్పుడు నిప్పు లేదు. తుంగచాపలు రెండేసి పొరలు కుండీలకి చుట్టి, మధ్యలో ఎండాకు కూరాను. పొద్దు వాలకముందే ఆకులు కట్టి గోనె కప్పుతున్నాను, ఎండ బాగా వచ్చాక తీస్తున్నాను. నేను నా గదిలో పడుకుంటున్నాను. పొడుగుదాని ఆకులు మూడు పోయాయి, మొవ్వు పచ్చగానే ఉంది. దొరగారు ఏమంటారో తెలియదు. ఏమన్నా సరే, బావగారిని రైలెక్కనివ్వకు.

తోమా

*

గుండుగొలను
8 జనవరి 1937

నా తమ్ముడు తోమాకు,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మీ బావ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నారు. మొదటి మాట చదవగానే ఆ సంచీ లాగేశాను. ఆయన గిడుగు సంగతి విని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ఉండి వచ్చారు.

ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను. నువ్వు బతికావు, ఇక భయం లేదనుకున్నాను. తెల్లారేసరికి నాకు నిజంగా భయం పట్టుకుంది.

కనకమ్మరా.

డాక్టరమ్మగారు ముఖం ఎర్రగా ఉంటుందన్నప్పుడే ఆ పిల్ల ముఖం కళ్ళ ముందుకి వచ్చింది. నీ గురించిన కంగారు అడ్డం పెట్టుకుని దాన్ని తోసేశాను. ఇప్పుడు అడ్డం పెట్టుకోవటానికి ఏమీ లేదు. అయిదో రోజున తల పోటు అంది. ఆరో రోజున వాంతి చేసుకుంది. "సువార్తమ్మా, కాస్త కిటికీ తియ్యవే, ఊపిరాడటం లేదు" అంది. నేను తియ్యలేదు. కొత్త ఇంటి అద్దాల కిటికీ, గట్టిగా బిగుసుకుంటుంది, చెయ్యి పెట్టి మరీ చూశాను. ఇంకో రెండు పిడికిళ్ళ బొగ్గులు వేశాను. ఇరవై ఏళ్ళలో నేను చేసిన అంత శ్రద్ధగల పని ఇంకొకటి లేదు.

పిల్ల వసారాలో ఉంది కాబట్టి బతికింది. వాతం కాదు, చలి కాదు. నేను.

మీ బావకి చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి, "ఎవరికీ తెలియదు, నువ్వు నోరు విప్పకు" అన్నారు. ఆయన భయం నాకు తెలుసు. వాళ్ళు పెద్ద రైతులు. మనం వాళ్ళ పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, పెరటి గుమ్మంలోంచి వచ్చేవాళ్ళం. ఆ గుమ్మం దగ్గర నిలబడి మీ బిడ్డని చంపింది నేనని చెబితే వాళ్ళు ఏం చేస్తారో నేను ఊహించలేను. ఈ చుట్టుపక్కల ఇక ఎవరూ నన్ను గడప తొక్కనివ్వరు. అది కూడా తెలుసు.

చెప్పకుండా సత్యవేణికి మాత్రం కుంపటి పెట్టకుండా ఊరుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. రెండు రోజులు అలాగే అనుకుని అన్నం తిన్నాను. కాని నేను లేనప్పుడు వాళ్ళు పెడతారు. పెట్టటం నేర్పింది నేనే. నిన్న మంగాయమ్మగారు మనిషిని పంపారు. అదే గదికి సున్నం వేయించారట. పెద్దమ్మాయికి జరిగినట్టు దీనికి జరగకూడదని, కిటికీ సందులకి కాగితం కూడా అంటించారట. బొగ్గులు రెండు బస్తాలు తెప్పించి ఉంచారట. సువార్తమ్మకి చెప్పు, సంతోషిస్తుంది అన్నారట.

రేపు పొద్దున బండికి వెళ్తున్నాను. మీ బావ కూడా వస్తానన్నారు. వద్దన్నాను, వినలేదు.

దొరగారు పొమ్మంటే సిగ్గుపడకుండా రా. ఆ గాజు పలక మాత్రం మళ్ళీ బిగించకు.

మంగాయమ్మగారి ఎదురుగా నిలబడి ముందు ఏ మాట అనాలో నిన్నటి నుంచీ వెతుక్కుంటున్నాను. కనకమ్మ పేరుతో మొదలుపెడితే చివరిదాకా చెప్పలేను. అందుకని, "అమ్మగారూ, ముందు ఆ కిటికీ తెరవండి" అని మొదలుపెడతాను. తెరిచాక మిగతాది చెబుతాను.

నాకోసం ప్రార్థించు.

నీ అక్క
సువార్తమ్మ